పొయ్యిలో కట్టె పెట్టేదెవరు?

కట్టెల మంట గురించి మురిసిపోతూ మాట్లాడేవాళ్ళలో నూటికి తొంభై మంది ఆ మంట దగ్గర కూర్చుని కళ్ళు నులుముకున్నవాళ్ళు కాదు. అందుకే పొయ్యి ఎంచుకునే పని వాళ్ళ చేతుల్లో పడితే నాకు ఒళ్ళు మండుతుంది.

మా అక్కయ్య కొడుకు అమెరికాలో, వెర్మాంట్‌లో ఇల్లు కట్టుకుంటున్నాడు. అక్కడ నెలల తరబడి మంచు. గోడల మధ్య అడుగు మందాన దూదిలాంటిదేదో కూరి, కిటికీలకు మూడేసి అద్దాలు బిగించి, గాలి దూరే సందు లేకుండా కడుతున్నారు. కరెంటు పోయినా ఇల్లు వెచ్చగా ఉండాలి, చుట్టూ అడవులే కనుక కట్టెలతో వేడి చేసుకుంటాం అన్నాడు. బాగానే ఉంది. తీరా ఎంచుకున్నదేమిటయ్యా అంటే, నిలువెత్తు ఇనప పొయ్యి! "పెద్దదైతే మంచిది కదా పిన్నీ" అంటాడు.

మంచిదేమిటి నా మొహం! అంత గట్టిగా కప్పిన ఇంటికి కావలసిన వేడి కాస్తే. పెద్ద పొయ్యి నిండా మంట వేస్తే గంటలో ఉక్కపోసి కిటికీలు తెరవాలి. లేదా గాలి తగ్గించి మూత బిగించాలి. అప్పుడు కట్టె మండదు, కుములుతుంది. కుమిలే కట్టె సంగతి మన అమ్మమ్మలనడగండి, చెబుతారు. ఆ పొగ గొట్టం లోపల తారులాంటి మడ్డిగా పేరుకుంటుంది. ఏదో ఒకనాడు అదే అంటుకుంటే ఇంటికే ముప్పు.

చలిదేశాల పాతకాలపు వాళ్ళు ఇంతకంటే తెలివైనవాళ్ళు. రష్యాలో, ఆస్ట్రియాలో ఇటుకతో, పింగాణీ పలకలతో గోడలాంటి పొయ్యిలు కట్టుకున్నారు. ఫిన్లాండు వాళ్ళు వాడే రాయి మరేదో కాదు, మనం పలక మీద దిద్దుకున్న బలపపు రాయే! రోజుకొకటి రెండుసార్లు, బాగా ఎండిన కట్టెలతో గంటా రెండు గంటలు భగభగా మండిస్తారు. వేడి పొగ లోపలి వంకర దారులన్నీ తిరిగి, తన వేడిని రాతికి అప్పగించి మరీ బయటికి పోతుంది. మంట ఆరినా 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఆ గోడ వెచ్చదనం ఇస్తూనే ఉంటుంది. ఎండకు కాగిన గోడకు సాయంత్రం వీపు ఆనిస్తే తగులుతుందే, అచ్చం ఆ వెచ్చదనం. కొరియా వాళ్ళయితే వంటింటి పొయ్యి పొగనే గది నేల కింద నడిపించి, అన్నం ఉడికిన మంటతోనే పడకా వెచ్చబెట్టుకున్నారు. దాని పేరు ఒండోల్. ఆ ఆలోచన ఎవరిదో గాని చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

రాతి పొయ్యికి డబ్బెక్కువ, టన్నుల బరువు, పునాది ముందే వేసుకోవాలి. చల్లారిన ఇల్లు వేడెక్కడానికి గంటలు పడుతుంది. నిజమే. అయినా రోజంతా లేచి లేచి కట్టె వేసే చాకిరీ తప్పుతుందా లేదా?

ఇంకొక సంగతి. గాలి దూరని ఇంట్లో మనమ్మాయి పోపు వేసి ఎగ్జాస్ట్ ఫాన్ తిప్పిందనుకోండి, బయటికి పోయిన గాలికి బదులు గాలి ఎక్కడినుంచి వస్తుంది? పొగగొట్టంలోంచి! పొగతోపాటు వాసన కూడా తెలియని కార్బన్ మోనాక్సైడు విషం. అందుకని పొయ్యికి బయటినుంచి విడిగా గాలిగొట్టం పెట్టాలి, ఇంట్లో ఆ విషాన్ని పసిగట్టే అలారమూ ఉండాలి. ఈ ప్రశ్న అడిగింది మావాడు కాదు, కోడలు. ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేసేది ఆ పిల్లే. పొయ్యి కాపలా ఎవరి మెడకు చుట్టుకుంటుందో వేరే చెప్పాలా?

మనదేశంలోనూ చూశాంగా! 1980ల్లో ప్రభుత్వం ఊరూరా పొగలేని పొయ్యిలు పెట్టించింది. గొట్టాలు పూడుకుపోయి, మట్టి పగిలి, ఎన్నో ఇళ్ళలో అవి మూలపడ్డాయి. ఆడవాళ్ళకి వాడటం రాలేదన్నారు గాని, వండే మనిషినడిగి పొయ్యి కట్టామా అని ఎంతమంది ఆలోచించారు?

కట్టెలు కొట్టి, చీల్చి, ఏడాదైనా గాలికి ఆరబెట్టాలి. తేమ 20 శాతం మించకూడదు. కనుక అబ్బాయిలూ, పొయ్యి ఫోటోలు పంపడం ఆపి, ముందు ఒక్క చలికాలానికి సరిపడా కట్టె మీ చేతులతో చీల్చి పేర్చండి. బూడిద ఎత్తే వంతు ఎవరిదో కూడా కాగితం మీద రాయండి. ఆ తరవాత పొయ్యి సైజు సంగతి మాట్లాడుకుందాం.