యానాం గేటు, కాకినాడ ఆసుపత్రి

యానాం నుంచి దాన్ని పాలించే పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. కాకినాడ మాత్రం బస్సులో గంట ప్రయాణం. యానాంవాళ్లకు రోగం ముదిరితే దిక్కు కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్). తాళ్ళరేవు మండలం నుంచి కూలికీ, బజారుకూ జనం యానాం వస్తుంటారు. గౌతమి మీద వంతెన దాటితే ఎదుర్లంక, అంటే కోనసీమ. 2020 మార్చి 25న కోవిడ్ లాక్‌డౌన్ మొదలయ్యాక ఈ రాకపోకలన్నిటికీ అడ్డంగా గేట్లు పడ్డాయి.

ఏప్రిల్‌లో పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, బయట చిక్కుకుని తిరిగొచ్చిన యానాం వాసులను లోపలికి రానివ్వాలంటూ స్థానిక ఎమ్మెల్యే మల్లాడి కృష్ణారావు సరిహద్దులో ధర్నాకు కూర్చున్నారు. అప్పటికి ఆయన పుదుచ్చేరి ఆరోగ్యశాఖ మంత్రి! లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ నిబంధనల పక్షాన నిలిచారు. పరీక్షలు చాలని, ఆసుపత్రులు సిద్ధం కాని ఆ తొలి వారాల్లో రాకపోకలు తగ్గించడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఊరివాణ్ని ఊరి పొలిమేరలో నిలబెట్టే బదులు లోపలే ఒక బడిలో పద్నాలుగు రోజులు ఉంచవచ్చు కదా.

ఇరుగుపొరుగును కలిపి ఆలోచించడం పాలకులకు చేతకాక కాదు. మే నెలలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు యానాంలో ధరలు ఆంధ్ర ధరలకు సరితూగేలా పుదుచ్చేరి ప్రత్యేక సుంకం వేసింది. లేకుంటే చవక సీసాల కోసం జనం ఎగబడతారని తెలుసు. ఇలా ఎగబడడం కొత్త కాదు: బాల్యవివాహాలను అడ్డుకున్న శారదా చట్టం వచ్చిన కొత్తలో వాటిని జరిపించడానికి బ్రిటిష్ ఆంధ్ర నుంచి ఫ్రెంచి యానాంకు బళ్లు కట్టుకుని వచ్చిన చరిత్ర ఉండనే ఉంది. మద్యం విషయంలో చూపిన ఆ ముందుచూపు రోగి విషయంలో కనబడలేదు.

తెలంగాణ సరిహద్దులోనూ అదే కథ. అంతర్రాష్ట్ర ప్రయాణాలకు ఆంక్షలు, అనుమతులు వద్దని 2020 ఆగస్టు 29న కేంద్రం చెప్పినా, ఒకరి రాష్ట్రంలో మరొకరి బస్సులు ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్న ఆంధ్ర, తెలంగాణ ఆర్టీసీల పేచీ తేలి బస్సులు కదిలింది నవంబరు 2న. ఈలోగా కారున్నవాడు రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్లాడు, లేనివాడు ఆగిపోయాడు. 2021 మేలో ఇంకా ఘోరం. ఆక్సిజన్ పెట్టుకున్న రోగులతో వెళ్తున్న అంబులెన్సులను కోదాడ దగ్గర రామాపురంలో, కర్నూలు దాటాక పుల్లూరులో తెలంగాణ పోలీసులు ఆపేశారు. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్టు కాగితం చూపాలని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

అసలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్, కేంద్ర జాబితా 81వ అంశం అంతర్రాష్ట్ర క్వారంటైన్‌ను కేంద్రానికి అప్పగించింది. ఆచరణలో మాత్రం ఎవరి గేటు వారిదే అయింది. రోగుల ప్రయాణానికి కేంద్రమే దేశమంతటికీ ఒకే కట్టుబాటు పెట్టి ఉంటే హైకోర్టు గడప తొక్కే అవసరం వచ్చేది కాదు.

ఇప్పుడు యానాంను కాకినాడ, కోనసీమ జిల్లాలతో కలిపి ఒకే ఆరోగ్య మండలంగా లెక్కగట్టాలి. అంబులెన్సును ఆపరాదని, ఇంటికి తిరిగొచ్చేవారిని లోపలే క్వారంటైన్‌లో పెట్టాలని, రోజుకూలీలకు ఉమ్మడి పాసులివ్వాలని ఇద్దరు కలెక్టర్లూ, యానాం పరిపాలనాధికారీ మరో మహమ్మారి రాకముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్, పుదుచ్చేరి ప్రభుత్వాలు ఆ ఒప్పందం మీద తక్షణం సంతకాలు చేయాలి.