ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్ జోలికి ఎందుకు వెళ్ళొద్దు?

"ప్రైవేట్ కన్‌స్ట్రక్టరా? రిఫ్లెక్షన్ ఉందిగా, కానిచ్చెయ్!" మన ల్యాబ్‌లో రోజూ వినే సలహా ఇది. నేనూ అలాగే కానిచ్చాను. అందుకే చెప్తున్నా, వద్దు.

కైకలూరు దగ్గర మా బాబాయి రొయ్యల చెరువుల లెక్కల కోసం జావాలో చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఆయన రిజిస్టర్‌లో ఒక చెరువుకి సీడ్ వేసిన తేదీ 30-02-2024 అని ఉంది. 'లోకల్‌డేట్.ఆఫ్' ఎర్రర్ ఇచ్చింది. సోర్స్ తెరిచి చూస్తే, తేదీ సరైనదా కాదా అన్న తనిఖీ అంతా 'ఆఫ్' దారిలోనే ఉంది. లోపలి ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్ ఏమీ అడగదు. 'సెట్‌యాక్సెసిబుల్(ట్రూ)' కొట్టాను. ఫిబ్రవరి 30 పుట్టేసింది!

అది నా ల్యాప్‌టాప్‌లో, జావా 8 మీద. ల్యాబ్‌లో జావా 17 ఉంది. జావా సొంత క్లాసుల్లోకి వెళ్ళే ఈ దొడ్డిదారిని 2021లో, జావా 16 నుంచే డిఫాల్ట్‌గా మూసేశారు. ప్రోగ్రామ్ ఆగిపోయింది. అప్పుడు బాబాయికి ఫోన్ చేశా. "అది 20 రా, తొందర్లో 30 అని రాసేశా" అన్నాడు. పది రోజుల తేడా! మేత లెక్కంతా ఆ తేదీ మీదే నడుస్తుంది. ఆ ఎర్రర్ నన్ను ఆయన్ని అడగమంది, నేను దాని నోరు మూశాను.

ఫ్రేమ్‌వర్క్‌లు రిఫ్లెక్షన్ వాడట్లేదా అంటారు. వాడతాయి, మనం అప్పగించిన మన క్లాసుల మీద. వేరేవాళ్ళ లైబ్రరీలో ప్రైవేట్ భాగాన్ని వాళ్ళు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మనకి చెప్పక్కర్లేదు. కాబట్టి ముందు ఫ్యాక్టరీ మెథడ్ వెతకండి. సరిపోకపోతే మీ సొంత క్లాస్ రాసుకోండి. ఓపెన్ సోర్స్ అయితే రాసినవాళ్ళనే అడగండి. తాళం పగలగొట్టే ముందు, అది ఎందుకు వేశారో ఒక్కసారి చదవండి.