ప్రొఫైలర్ ఊహ, డిటెక్టివ్ ఫైలు

శవం పక్కన గొంతుక్కూర్చుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, హంతకుడి వయసు, చేసే పని, చిన్నప్పుడు తల్లితో పడిన గొడవ... అన్నీ గడగడా ఏకరువు పెట్టే ప్రొఫైలర్ ఓటీటీ ప్రేక్షకుడికి పాత చుట్టమే. పక్కన డిటెక్టివ్ నోరెళ్లబెట్టి చూస్తుంటాడు. నాలుగో ఎపిసోడ్‌కల్లా చెప్పినవన్నీ అక్షరాలా నిజమవుతాయి. ఈ ప్రొఫైలర్లందరికీ తాత లాంటివాడు ఒకడున్నాడు. పేరు ఫిట్జ్. మనవలకు తాత తెలివి దక్కింది కానీ, ఆ తాత చుట్టూ రచయిత అల్లిన అనుమానం దక్కలేదు.

1993 సెప్టెంబరులో బ్రిటన్‌లోని ఐటీవీ 'క్రాకర్' సీరియల్‌ను మొదలుపెట్టింది. సృష్టికర్త జిమ్మీ మెక్‌గవర్న్. తర్వాతి రోజుల్లో హ్యారీ పోటర్ సినిమాల్లో హాగ్రిడ్‌గా పిల్లలకు దగ్గరైన రాబీ కోల్ట్రేన్ ఇందులో ఫిట్జ్ అనే సైకాలజిస్టు. భారీకాయం, తాగుడు, జూదం, చేతిలో ఆరని సిగరెట్. ఎదుటివాడి మనసు పుస్తకంలా చదివేస్తాడు, సొంత సంసారం మాత్రం చక్కదిద్దుకోలేడు. మాంచెస్టర్ పోలీసులకు అతడంటే చిరాకు, అతడు లేకపోతే గడవదు. మొదటి కథలో రైల్లో ఓ యువతి హత్య జరుగుతుంది. పట్టాల పక్కన నెత్తుటి మరకలతో దొరికిన మనిషి తనకేమీ గుర్తులేదంటాడు. పోలీసులకు ఇంకేం కావాలి? దొంగ దొరికాడనుకుంటారు. చివరికి అతడు నిర్దోషి అని తేలుతుంది. ప్రొఫైలర్‌ను ఇంటింటికీ పరిచయం చేసిన సీరియల్ తొలి అడుగే తప్పుడు అనుమానం మీద వేసిందన్నమాట.

సరిగ్గా ఆ నెలల్లోనే లండన్‌లో ఇలాంటి వ్యవహారమే నడుస్తోంది, కెమెరాలు లేకుండా.

1992 జులై 15న వింబుల్డన్ కామన్ అనే విశాలమైన బయల్లో రేచల్ నికెల్ అనే 23 ఏళ్ల యువతిని పట్టపగలు ఆమె పసి కొడుకు కళ్లెదుటే పొడిచి చంపారు. దేశం అట్టుడికింది. పోలీసులు పాల్ బ్రిటన్ అనే సైకాలజిస్టు సాయంతో హంతకుడి మానసిక చిత్రం తయారు చేయించుకున్నారు. అక్కడికి కుక్కను తిప్పడానికి వచ్చే ఓ ఒంటరి మనిషి ఆ చిత్రానికి అతికినట్టు కనిపించాడు. హత్యతో అతణ్ని ముడిపెట్టే ఫోరెన్సిక్ ఆధారం లేదు. అందుకని ఓ మహిళా పోలీసు మారుపేరుతో అతడితో స్నేహం నటించింది. నెలల తరబడి ఉత్తరాలు, ఫోన్లు, కలయికలు. అతడి నోట హింస గురించిన ఊహలు రప్పించడం, వాటిని ప్రొఫైల్‌తో సరిపోల్చడం ఆ ఎత్తుగడ. హత్య చేశానని మాత్రం అతడు ఏనాడూ అనలేదు. అయినా 1993 ఆగస్టులో అరెస్టు చేశారు. 1994 సెప్టెంబరులో ఓల్డ్ బెయిలీ కోర్టులో జస్టిస్ ఆగ్నల్ ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చడంతో కేసు కూలిపోయింది. అప్పటికి అతడు ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు.

అసలు ఘోరం ఈ మధ్యలో జరిగింది. అతడు కటకటాల వెనక ఉండగానే, 1993 నవంబరులో, లండన్‌లోని ప్లమ్‌స్టెడ్‌లో రాబర్ట్ నాపర్ అనేవాడు ఓ తల్లిని, నాలుగేళ్ల కూతురిని చంపాడు. రేచల్‌ను చంపినవాడూ అతడే. ఆమె ఒంటి మీద నుంచి సేకరించి భద్రపరిచిన నమూనాలను మెరుగైన డీఎన్ఏ పద్ధతులతో మళ్లీ పరీక్షించాకే ఆ సంగతి బయటపడింది. 2008 డిసెంబరులో నాపర్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. తప్పుగా ఇరుక్కున్న మనిషికి అదే ఏడాది 7,06,000 పౌండ్ల పరిహారం దక్కింది.

నింద మొత్తం సైకాలజిస్టు నెత్తిన రుద్దడం సులువు. అరెస్టు చేసింది పోలీసులు, అభియోగం మోపింది ప్రాసిక్యూషన్. ఒంటరివాడు, ఆడవాళ్లతో చనువు లేనివాడు, వింత ఊహలున్నవాడు... ఇలాంటి వర్ణన వారఫలాల లాంటిది, లండన్ అంత ఊళ్లో ఎందరికైనా అతుకుతుంది. ఎక్కడ వెతకాలో చెప్పడానికి అది పనికొస్తే రావచ్చు. దొరికినవాడే హంతకుడని చెప్పడానికి పనికిరాదు. ఈ రెండింటి మధ్య గీతను తెర చెరిపేస్తోందన్నదే అసలు ఫిర్యాదు.

ప్రొఫైలింగ్ పురాణంలో మొదటి ఘట్టాన్నే తీసుకుంటే, న్యూయార్క్‌ను 1940 నుంచి పదహారేళ్లు బాంబులతో వణికించిన జార్జ్ మెటెస్కీ గురించి జేమ్స్ బ్రసెల్ అనే మానసిక వైద్యుడు జోస్యం చెప్పాడు. దొరికేనాటికి వాడు డబుల్ బ్రెస్టెడ్ కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉంటాడన్న మాట నేటికీ కథలుగా చెప్పుకుంటారు. 1957 జనవరిలో పోలీసులు తలుపు కొట్టినప్పుడు మెటెస్కీ పైజామాలో ఉన్నాడు, కోటు తర్వాత తొడుక్కున్నాడు. అతడి పేరును బయటికి లాగింది కన్‌సాలిడేటెడ్ ఎడిసన్ కరెంటు కంపెనీలో పనిచేసే ఆలిస్ కెల్లీ. పాత నష్టపరిహారం ఫైళ్లు తిరగేస్తూ, బెదిరింపు ఉత్తరాల్లోని మాటలే ఓ మాజీ ఉద్యోగి అర్జీలో ఉన్నాయని పట్టుకుంది. కోటు ముచ్చట ఎంతోమందికి తెలుసు. ఆలిస్ పేరు ఎందరికి తెలుసు?

తెలుగు తెర మీద ప్రొఫైలరూ డిటెక్టివూ తరచూ ఒకే హీరోలో ఇమిడిపోతారు. 2020లో వచ్చిన 'హిట్'లో విశ్వక్ సేన్ పోషించిన విక్రమ్ మానసిక గాయంతో నలిగే అధికారి. ఆ బలహీనతను దాచకపోవడం ఆ సినిమా గొప్ప. కానీ అతడికి తట్టిందే దారి అవుతుంది. బయటి ప్రపంచంలో ఆ దారి ఎటు పోతుందో ఆంధ్రప్రదేశ్ చూసింది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఓ ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. పోలీసులు పట్టుకున్న యువకుడికి కింది కోర్టు 2010లో శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతణ్ని నిర్దోషిగా ప్రకటించి, అతడికి లక్ష రూపాయలు చెల్లించమంది. అప్పటికి జైల్లో ఎనిమిదేళ్లు దాటాయి. అక్కడ ప్రొఫైలర్ ఎవరూ లేరు, నిజమే. కానీ ఎవరో ఒకరి ముఖం త్వరగా చూపించాలన్న ఒత్తిడి వింబుల్డన్‌లోనూ ఇబ్రహీంపట్నంలోనూ ఒక్కటే. నిందితుడి సమ్మతి లేకుండా నార్కో పరీక్షలు, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనసును తవ్వి సాక్ష్యం తీయాలన్న ఆత్రానికి చట్టం గీసిన హద్దు అది.

కొత్త క్రైమ్ సిరీస్ రాసే తెలుగు రచయితలు 'క్రాకర్' నుంచి అరువు తెచ్చుకోదగింది ఫిట్జ్ సిగరెట్ కాదు. 1994 అక్టోబరులో ప్రసారమైన కథలో ఆల్బీ అనే హంతకుడు గుండు గీయించుకుని తిరుగుతుంటాడు. తలుపు తట్టిన అధికారి బెక్‌తో, క్యాన్సర్ మందుల వల్ల జుట్టు ఊడిందంటాడు. బెక్ నమ్మి వెళ్లిపోతాడు. ఆసుపత్రికి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయే అబద్ధం. దాని మూల్యం డిటెక్టివ్ బిల్‌బరో చెల్లిస్తాడు. ఆల్బీ కత్తిపోటుకు వీధిలో కుప్పకూలి, నెత్తురోడుతూనే చేతిలోని రేడియో అందుకుంటాడు. పక్కన ఫిట్జ్ లేడు. తనను పొడిచినవాడి ఆనవాళ్లు, జరిగినది జరిగినట్టు, గొంతు పూడుకుపోతున్నా ఒక్కొక్కటే చెబుతుంటాడు. అవతల అతడి బృందం ఆ వాంగ్మూలాన్ని వింటూ కారులో దూసుకొస్తుంటుంది.