వయసుకు వీరతాడా?

రాక్ గాయని కిమ్ గోర్డన్ రెండో సోలో ఆల్బమ్ 'ది కలెక్టివ్' 2024 మార్చిలో వచ్చింది. విమర్శకులు ఎగబడి మెచ్చుకున్నారు. 2025 గ్రామీలకు రెండు నామినేషన్లూ దక్కాయి. నా పేచీ ఆ మెప్పుతోనే. డెబ్బై ఏళ్ళ ఆవిడ హిప్‌హాప్ వాళ్ళ ట్రాప్ బీట్ల మీద పాడటమా అని నోరెళ్ళబెట్టి, ఆ ఆశ్చర్యాన్నే విమర్శగా చలామణీ చేశారు చాలామంది.

ఆమె హిప్‌హాప్ వైపు నిన్నా మొన్నా తిరిగింది కాదు. ఆమె రాక్ బృందం సోనిక్ యూత్ 'చికోనీ యూత్' అని మారుపేరు పెట్టుకుని 1988లో 'ది వైటీ ఆల్బమ్' తెచ్చినప్పుడే డ్రమ్ మెషీన్లతో ఆడుకుంది. రాబర్ట్ పామర్ హిట్ పాట 'అడిక్టెడ్ టు లవ్'ను అందులో కిమ్ కరోకే బూత్‌లో రికార్డు చేసింది. హుషారూ వయ్యారమూ లేకుండా, ఎటో చూస్తూ అప్పజెప్పినట్టుండే గొంతు. 1990 నాటి సోనిక్ యూత్ పాట 'కూల్ థింగ్' అయితే ర్యాపర్ ఎల్ఎల్ కూల్ జేను ఆమె స్పిన్ పత్రిక కోసం ఇంటర్వ్యూ చేసిన అనుభవంలోంచి పుట్టింది. పబ్లిక్ ఎనిమీ ర్యాప్ బృందపు చక్ డీ అందులో గొంతు కలిపాడు. అప్పటికి ఆమెకు నలభై నిండలేదు!

ఇప్పుడు 'ది కలెక్టివ్'లో నిర్మాత జస్టిన్ రైసెన్ బీట్ల మీద వినిపిస్తున్నదీ ఆ గొంతే. 'బై బై' పాట మొత్తం ఊరెళ్ళే ముందు రాసుకునే సామాన్ల చిట్టా. కింద బాస్ నేల అదిరేలా మోగుతుంటే ఆమె ఏ భావమూ లేకుండా చదువుకుంటూ పోతుంది. ఎక్కడికి వెళుతోంది, ఎవర్ని వదిలేసి? చెప్పదు. 'ఐయామ్ ఎ మ్యాన్'లో, లోకంలో తన చోటు పోయిందని గునిసే మగవాడిగా మాట్లాడుతుంది. అందులో ఎగతాళి ఎంతో, జాలి ఎంతో తేల్చదు. తేల్చే ప్రయత్నం విమర్శకుడు చేయాలి. పుట్టిన తేదీ చూసి చప్పట్లు కొట్టడానికి విమర్శకుడెందుకు?

బాబ్ డిలన్ 79 ఏళ్ళప్పుడు 'రఫ్ అండ్ రౌడీ వేస్' తెస్తే ఆయన వయసును అనుభవం కింద జమకట్టారు. ఈమె వయసేమో వింత అయింది.

వయసు మాట ఎత్తనే కూడదని నేననను. 2011లో భర్త, బృంద సహచరుడు థర్‌స్టన్ మూర్‌తో కాపురమూ, ముప్పై ఏళ్ళ సోనిక్ యూత్ బృందమూ ఒకేసారి ముగిశాయి. తొలి సోలో ఆల్బమ్ 2019లో గానీ రాలేదు. ఆ జీవితం ఈ పాటల్లో ఎక్కడ తగులుతోందో చూపిస్తే వింటాను.

ఈ వయసు ముచ్చట మాటున లోపాలూ దాగిపోయాయి. ఆల్బమ్ సగం దాటాక అదే బాస్, అదే గొణుగుడు. ఏ పాట ఎక్కడ ముగిసిందో పట్టుకోవడం కష్టం. పాతికేళ్ళ ర్యాపర్ ఇలా చేస్తే ఉతికి ఆరేసేవారు. ఇక్కడ మాత్రం పెద్దావిడ కదా అని ఊరుకున్నారు. ఊరుకోమని ఆమె అడిగిందా?