రాజకీయాలు వద్దు సరే, రాజనీతి కూడా వద్దా?

మొన్నొక ఆదివారం, మెల్‌బోర్న్ పడమటి శివారులో తెలుగు బడి ముగిశాక, పదో తరగతి చదివే కుర్రవాడొకడు మా దగ్గరికొచ్చి, "అంకుల్, లెఫ్ట్ అంటే ఏమిటి, రైట్ అంటే ఏమిటి? ఆ పేర్లు ఎలా వచ్చాయి?" అని అడిగాడు. మేము నోరు విప్పేలోపలే వాళ్ళ నాన్నగారు అందుకుని, "అవన్నీ మనకెందుకురా? ముందు కెమిస్ట్రీ సంగతి చూడు" అన్నారు. కుర్రవాడు తలవంచుకుని వెళ్ళిపోయాడు. తరవాత ఆయనా, మేమూ, మరో నలుగురు మిత్రులూ అదే కారు పార్కులో ముప్పావు గంట నిలబడి, ఆంధ్రలో ఎవరు ఎవరిని దెబ్బతీశారో, తెలంగాణలో ఎవరు ఏ పార్టీలోకి దూకబోతున్నారో తీరిగ్గా చర్చించుకున్నాం. పెద్దలకు అంత అవసరమైన విషయం పిల్లవాడికి మాత్రం అనవసరమట!

ఇది ఆ తండ్రి మీద నేరారోపణ కాదు. మేమూ ఆ తానులో గుడ్డే. పదో తరగతి సాంఘికశాస్త్రం పరీక్ష రాసి ఇంటికొచ్చిన రోజుతో మా పౌరశాస్త్రం చదువు సమాప్తం. ఆపైన బైపీసీ, ఎంసెట్, ఎం.బి.బి.ఎస్. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. గ్రూపులు మార్కులు రానివారి కోసమని ఇంటా బయటా చెప్పారు, మేము నమ్మాం. ఆ నమ్మకం ఖరీదు 2023 అక్టోబరు 14న తెలిసింది. ఆదివాసుల 'వాయిస్'పై ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన రోజది. వరుసలో నిలబడి ఉండగా మా అమ్మాయి, "నువ్వు ఎస్ అంటావా, నో అంటావా? ఎందుకు?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు జవాబుంది. రెండోదానికి, ఫోనులో మిత్రులు పంపిన నాలుగు ముక్కలు తప్ప మా దగ్గర ఏమీ లేదు. ఆనాడు దేశంలో నూటికి సుమారు 60 మంది 'నో' అన్నారు. ఆలోచించి ఓటు వేసినవారు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. మేము మాత్రం ఆ ఇద్దరిలోనూ లేము.

ఈ జబ్బు మనవాళ్ళకే పరిమితం కాదు. 2024లో ఆస్ట్రేలియా పిల్లలకు జరిపిన జాతీయ పౌరశాస్త్ర పరీక్షలో, పదో తరగతివారిలో నూటికి 28 మందే తగిన ప్రమాణాన్ని అందుకున్నారు. 2019లో ఆ సంఖ్య 38. ఇక్కడ ఓటు 1924 నుంచి నిర్బంధం. 18 ఏళ్ళు నిండిన పౌరుడు ఇష్టమున్నా లేకున్నా తీర్పరి. అంటే మన పిల్లలకు తీర్పు చెప్పే బాధ్యత తప్పదు, తీర్పు చెప్పడం మాత్రం మనం నేర్పం. కత్తి పట్టడం నేర్పకుండా ఎవరినైనా ఆపరేషన్ థియేటరులోకి పంపుతామా?

"మనకు రాజనీతితో ఏం పని? కష్టపడి పనిచేస్తాం, పన్ను కడతాం" అనే వైద్య మిత్రులకు ఒక్క మాట. విదేశాల్లో చదివిన మనబోటి వైద్యుడు సాధారణంగా పదేళ్ళపాటు, వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో పనిచేస్తే తప్ప అతని రోగులకు మెడికేర్ రిబేటు రాదు. 1997 నుంచి ఉన్న ఈ 'మారటోరియం' పుణ్యమా అని మనలో ఎందరో భార్య ఒక ఊళ్ళో, భర్త ఒక ఊళ్ళో కాపురం చేశారు. ఇదే దేశపు రాజ్యాంగంలో, 1946 ప్రజాభిప్రాయ సేకరణతో చేరిన ఒక నిబంధన ఉంది: వైద్య సేవల పేరిట చేసే చట్టం వైద్యుల చేత నిర్బంధ సేవ చేయించేది కారాదని. మరి ఈ రెండూ ఎలా పొసగుతాయి? ఇంకోవైపు, డాక్టరే లేని పల్లెటూళ్ళో గుండెనొప్పితో ఉన్న రైతుకు మన స్వేచ్ఛ ఏ పాటి ఓదార్పు? పదేళ్ళు ఈ చట్టాన్ని తిట్టుకున్నవారిని చూశాం గాని, దీని న్యాయాన్యాయాలను తూచినవారిని చూడలేదు. హారిసన్‌లోనూ, బెయిలీ అండ్ లవ్‌లోనూ ఈ ప్రశ్నకు జవాబు లేదు మరి.

పిల్లలకు రాజనీతి నేర్పడం ఇలాంటి ప్రశ్నతోనే మొదలుపెట్టాలని మా వాదన. పేర్లూ, తేదీలూ, 'ఇజాలూ' వల్లె వేయించి కాదు. ఈ మారటోరియం సంగతే పిల్లల ముందు పెట్టండి. జాన్ రాల్స్ 1971లో 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లో చెప్పిన పద్ధతి చూపించండి: నువ్వు డాక్టరువో, ఆ పల్లె రోగివో తెలియదనుకుని చట్టం రాయి. పదిహేనేళ్ళ పిల్లకు ఇది చక్కగా అర్థమవుతుంది. ఆపైన మిల్ 1859 నాటి 'ఆన్ లిబర్టీ' నుంచి రెండు పేజీలు చదివించండి. ఎదుటి పక్షం వాదాన్ని నమ్మినవారి నోటనే వినాలన్నాడు మిల్. అదే మిల్ 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ కొలువు చేశాడనీ, ఈ స్వేచ్ఛా సూత్రం 'వెనుకబడిన' జాతులకు వర్తించదని అదే పుస్తకంలో రాశాడనీ కూడా చెప్పండి. అప్పుడు పిల్లలే లేచి, "మరి మనమో?" అని అడుగుతారు. చదువు అక్కడ మొదలవుతుంది.

మన పుస్తకాలూ ఉండాలి. 1909లో శామశాస్త్రి అచ్చు వేయించిన అర్థశాస్త్రాన్ని చూసి గర్వించే మనలో, దాని గూఢచారుల ప్రకరణాలు చదివినవారెందరు? అంబేద్కర్ 1936 నాటి 'కుల నిర్మూలన' తప్పక ఉండాలి. మన పిల్లలకు కులం సంగతి పెళ్ళి సంబంధాల మాటల్లోనే మొదట చెవిన పడుతోంది గనుక. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని ఆయన 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. నాయకుల జెండాలతో ఇక్కడి వీధుల్లో కార్ల ఊరేగింపు తీసేవారికి ఆ ప్రసంగం మరీ అవసరం. ఆస్ట్రేలియాలో 1902లో స్త్రీలకు ఓటిచ్చిన చట్టమే ఆసియావాసులకూ, ఆదివాసులకూ ఓటు నిరాకరించిందనీ, శ్రీనివాస శాస్త్రి 1922లో ఇక్కడ పర్యటించాక, 1925లోగాని ఇక్కడి భారతీయులకు ఫెడరల్ ఓటు దక్కలేదనీ పిల్లలు తెలుసుకోవాలి.

రెండు అభ్యంతరాలు వింటున్నాం. మొదటిది, సంఘం రాజకీయాలకు అతీతమని. పార్టీలకు అతీతంగా ఉండాలి, ఒప్పుకుంటాం. ఆలోచనకు కూడా అతీతంగా ఉండాలా? రెండోది, చెప్పేవారు తమ రంగు పులుముతారని. నిజమైన భయమే. అందుకే ప్రతి ప్రశ్నకూ ఎదురెదురు పక్షాల నుంచి రెండు పాఠాలు పెట్టాలి, పిల్లలు తమకు నచ్చని పక్షాన వాదించాలి. ఇక స్కేలింగ్ తగ్గుతుందేమోనని దిగులుపడేవారికి: మేము అడిగేది ఏ.టి.ఏ.ఆర్.లో సబ్జెక్టు కాదు, నెలకొక గంట.

1937లో ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో రాజకీయ, ఆర్థిక శాస్త్రాలు నేర్పే వేసవి పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది, పోలీసులు లాఠీలతో దిగారు. కుర్రవాళ్ళు ఆలోచించడం నేర్చుకుంటే ఏమవుతుందో ఆనాటి దొరలకు బాగా తెలుసు. ఈనాడు ఆ లాఠీ అక్కరలేదు. ఆ పని తల్లిదండ్రులుగా మనమే, ప్రేమతో చేసిపెడుతున్నాం.

కార్యవర్గానికి మా మనవి ఇదీ. తెలుగు బడి ముగిశాక, నెలకొక ఆదివారం, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ఒక గంట కేటాయించండి. పెద్దలు వెనక కుర్చీల్లో కూర్చోవచ్చు, మాట్లాడరాదు. మొదటి ఆరు నెలలు మన రెండు రాష్ట్రాల్లో బతికి ఉన్న ఏ నాయకుడి పేరూ ఎత్తరాదు. మొదటి పాఠానికి కావలసిన కాగితాలు మేము సిద్ధం చేస్తాం, కుర్చీలూ సర్దుతాం.

ఆ కుర్రవాడికి బాకీ పడ్డ జవాబు కూడా ఇక్కడే తీర్చుకుంటాం. 1789లో ఫ్రాన్స్ జాతీయ సభలో, రాజుకు వీటో అధికారం ఉండాలన్నవారు అధ్యక్షుడికి కుడివైపునా, వద్దన్నవారు ఎడమవైపునా చేరారు. చెప్పడానికి నిమిషం కూడా పట్టదు బాబూ. ఆనాడు ఆ నిమిషం నీకు ఇవ్వలేదు, మన్నించు.