రెండు రేడియోలు, ఒక కెమెరా

1965 సెప్టెంబరు మాసములో ములుగు బస్‌స్టాండు వద్ద ఒక చిన్న హోటలులో సాయంత్రము కాగానే జనము రేడియో చుట్టు మూగేవారని మా తండ్రిగారు చెప్పేవారు. ఆకాశవాణి ఒక లెక్క చెప్పేది. ముల్లు కొంచెము తిప్పితే పాకిస్తాన్ రేడియో ఉర్దూలో మరియొక లెక్క చెప్పేది. ఇన్ని విమానములు కూల్చితిమని వారు, అన్ని కూల్చితిమని మనవారు. ఉర్దూ తెలియనివారు తెలిసినవారిని ఆసక్తిగా అర్థమడిగేవారు. అర్థము చెప్పిన తరువాత ఒక ప్రశ్న వచ్చేది: “మరి మీరు ఎవరి లెక్క నమ్ముతారు సాబ్?” ఆ ప్రశ్న గణితమునకు సంబంధించినది కాదని అడిగినవానికీ తెలుసు, విన్నవానికీ తెలుసు. మా తండ్రిగారు మాత్రము, “కూలినచోట నిలబడి చూచినవాడెవడైనా ఉంటే వానిని అడుగవలె” అని టీ గ్లాసు అందుకొనేవారట.

అట్లు చూచినది ఒకటి నిజముగా ఉన్నది. అది మనిషి కాదు, యుద్ధవిమానములోని గన్ కెమెరా. వైమానికుడు మీట నొక్కగానే తుపాకితోపాటు కెమెరా కూడ తిరుగుట మొదలిడును. విమానము దిగిన వెంటనే ఫిల్మును కడిగి, గురి కుదిరినదా, తూటా తగిలినదా అని అధికారులు పరీక్షింతురు. మొదటి ప్రపంచ యుద్ధ కాలములో ఇది కేవలము శిక్షణ సాధనము. చూచుటకు మరతుపాకివలెనే ఉండి, తూటాకు బదులు ఛాయాచిత్రము తీసే హైత్ కెమెరాతో బ్రిటిష్ వైమానికులు గురి నేర్చుకొన్నారు. రెండవ యుద్ధము నాటికి అది స్పిట్‌ఫైర్ రెక్క మొదటిలో చేరి, 16 మిల్లీమీటర్ల ఫిల్ముతో సాక్షిగా మారినది.

ఈ సాక్షి అవసరమేమిటో తెలిపే కథలో మన హైదరాబాదు పేరు కూడ ఉన్నది. నిజాము ఇచ్చిన విరాళమునకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళములోని 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు పెట్టినారు. దాని చిహ్నముపై నిజాము తలపాగా ఉండేది. 1940లో అది స్పిట్‌ఫైర్‌లతో ఇంగ్లండు దక్షిణ తీరమును కాపాడినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 15న 185 జర్మను విమానములు కూల్చితిమని బ్రిటిష్‌వారు ప్రకటించినారు. యుద్ధానంతరము జర్మనుల కాగితములు తిరుగవేయగా అసలు నష్టము సుమారు 60 మాత్రమే. అబద్ధమాడినవారెవరు? బహుశః ఎవరును కారు. ఒకే విమానముపై ముగ్గురు కాల్చినారు, అది పడుట ముగ్గురూ చూచినారు, ముగ్గురూ తమదే అనుకొన్నారు. ప్రాణము పణముగా పెట్టిన వీరుని మాట కూడ లెక్కకు చాలదని ఆ దినము నేర్పినది.

అయితే కెమెరా సర్వజ్ఞము కాదు. అది ముందున్నదే చూచును, మీట నొక్కినంత సేపే చూచును. 1965 సెప్టెంబరు 3న ట్రెవర్ కీలర్ తన నాట్ విమానముతో ఒక సేబర్‌ను కొట్టినందుకు వీరచక్ర పొందినారు. ఆ సేబర్ తీవ్రముగా దెబ్బతిన్నను సర్గోధా చేరినదని పాకిస్తాన్ వాదన. నాలుగు దినముల తరువాత అదే సర్గోధాపై ఒక నిమిషములోపల ఐదు హంటర్‌లను కూల్చితినని ఆలం అనే పాకిస్తానీ వైమానికుడు చెప్పుకొన్నాడు. మన చరిత్రకారులు దానిని అంగీకరింపరు. 1971 నవంబరు 22న బోయ్రా వద్ద మాస్సీ, గణపతి, లాజరస్, సోరెజ్ నడిపిన నాట్‌లు మూడు సేబర్‌లను కూల్చినవని మన ప్రకటన. రెండింటి వైమానికులు గొడుగులతో దిగి మనకు చిక్కినారు గనుక ఆ రెండింటిని గూర్చి వాదము లేదు. మూడవది తిరిగి చేరినదని వారు అందురు. గాయపడిన పిట్ట ఏ చెట్టుపై వాలినదో వేటగానికి తెలియదు కదా!

కాక్‌పిట్‌లో కంటికి తోడు చెవి కూడ ఉన్నది. అదే హెచ్చరిక యంత్రము. మిగ్-21లో శత్రు రాడారు తాకగానే దిక్కును చూపు దీపము వెలిగి, చెవిలో ధ్వని వినిపించే పరికరమును రష్యనులు అమర్చినారు. మన దేశములో మిగ్-21 తయారు చేయ తలపెట్టినప్పుడు చట్రము నాసిక్‌లో, ఇంజను కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరములు హైదరాబాదులో అని పంచినారు; అందుకై 1965లోనే హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారి హైదరాబాదు శాఖ ఏర్పడినది. రేడియో చుట్టు మనము లెక్కలు వింటున్న ఏడాదియే అది! దీపములతో తృప్తిపడక అమెరికనులు బి-58 విమానములో స్త్రీ కంఠముతో హెచ్చరికలు పలికించినారు. మిగ్-29లో పలికే కంఠమునకు రష్యను వైమానికులు రీటా అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. ఇన్ని కంఠములు, ఇన్ని దీపములు ఒక్కసారిగా మొరపెట్టినచో వినువాడు దేనిని వినవలె? మన వాచకములోని “నాన్నా పులి” కథను విమాన నిర్మాతలు కూడ చదువవలసియున్నది. ఊరక కేకలు వేసే యంత్రమును వైమానికుడు లక్ష్యపెట్టుట మానును, అసలైన పులి వచ్చిన నాడును.

నా అభిప్రాయమేమనగా, యుద్ధము ముగిసిన తరువాత దేశప్రజలకును ఇట్టి స్థితియే కలుగుచున్నది. రెండు వైపుల కేకలు వినిపించుచునే ఉన్నవి. చూచిన సాక్షి మాత్రము పెట్టెలో ఉన్నది. 1965 యుద్ధమును గూర్చి రక్షణశాఖవారు 1992లో వ్రాయించిన చరిత్రను కూడ చాల కాలము బయటపెట్టలేదు. 25 సంవత్సరములు దాటిన పత్రములను సాధారణముగా బహిర్గతము చేయవలెనని 2021లో అదే శాఖ ఒక విధానమును ఆమోదించినది. మంచిదే. ఆ పత్రములతోపాటు ఫిల్ములను కూడ బయటపెట్టవలెనని కోరుచున్నాను. రహస్యము పోవునందురా? నాట్‌లు, హంటర్‌లు నేడు ప్రదర్శనశాలలలో ఉన్నవి, వాటిలో దాచవలసినదేమున్నది? పైగా కాగితమువలె ఫిల్ము ఓపిక పట్టదు. సరిగా కాపాడకున్న పుల్లని వాసనతో ముడుచుకొనిపోవును.

దీనివలన మన లెక్కలు కొన్ని తగ్గవచ్చును. తగ్గనిండు. హైదరాబాదువాసి, నిజాం కళాశాల విద్యార్థి ఇద్రీస్ హసన్ లతీఫ్‌ను 1947లో అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్‌కు ఆహ్వానించినారు, ఆయన వెళ్ళలేదు. 1965 సెప్టెంబరులో అవతలి వైమానిక దళమునకు అధిపతి ఆ నూర్ ఖానే. 1978లో లతీఫ్ మన దళమునకు అధిపతియైనారు. ఆయనను, “ఎవరి లెక్క నమ్ముదురు?” అని అడుగుటకు ఎవనికి నోరు వచ్చును? మా తండ్రిగారివంటి సామాన్యుని అడుగుటకు మాత్రము వచ్చినది.

2019 ఫిబ్రవరి 27న మరల అదే తంతు జరిగినది. ఎఫ్-16 ఒకటి కూలినదని మనవారు, ఒక్కటియు కూలలేదని వారు. రేడియోకు బదులు ఇప్పుడు చేతిలో ఫోను. హోటలు మాత్రము అక్కడనే ఉన్నది. ఆ మరునాడు టీ త్రాగుచుండగా నా ప్రక్క బల్లపై కూర్చున్న ఒక పెద్దమనిషి నావైపు తిరిగి, చాల మర్యాదగానే, ఆ పాత ప్రశ్న అడిగినారు. మా తండ్రిగారి జవాబే చెప్పినాను. ఆయన తృప్తిపడినట్లు తోచలేదు.