గేరు పడిందా, పడలేదా?

గేర్ లివర్ గురించి తెలుగు క్లబ్ మ్యాగజైన్‌లో వ్యాసం ఏంటి అని మీరు అడగొచ్చు. మెకానికల్ వాళ్ళు రాయాల్సింది సీఎస్ఈ వాడు రాస్తున్నాడేంటి అని కూడా అడగొచ్చు. రెండో ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తా. నేను చెప్పబోయే గేర్ లివర్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య రాడ్డు లేదు, కేబుల్ లేదు. మధ్యలో ఉన్నది వైర్లు, కోడ్. కాబట్టి ఇది మన డిపార్ట్‌మెంట్ విషయమే.

కారు పేరు మాసెరాటి గిబ్లీ. దానికి ఒక అన్న ఉన్నాడు, క్వాట్రోపోర్టె. ఇటాలియన్‌లో ఆ మాటకి 'నాలుగు తలుపులు' అని అర్థం, అంతే. మన దగ్గర ఎవరో విల్లా కట్టి 'నాలుగు గదులు' అని బోర్డు పెట్టి కోట్లకు అమ్మినట్టు. 1963 నుంచి చాలా ఏళ్ళు ఆ పేరుతో కార్లు వచ్చాయి. ఆరో తరం క్వాట్రోపోర్టె, దాని తమ్ముడిలాంటి కొత్త గిబ్లీ రెండూ 2013లో వచ్చాయి. పెట్రోల్ ఇంజిన్లు ఫెరారీ దగ్గర తయారయ్యాయి. అమెరికాలో గిబ్లీ ధరే 67 వేల డాలర్ల దగ్గర మొదలైంది. మన రోడ్ల మీద ఎప్పుడో ఒకసారి కనిపిస్తే వీడియో తీసుకునే రకం కారు. అమెరికాలో కూడా బీఎండబ్ల్యూ, బెంజ్ కనిపించినంతగా ఇది కనిపించదు. అసలు కొనేవాళ్ళు కొనేదే అందుకు.

ఆ కారు కొన్నవాళ్ళూ, నడిపి చూసి రాసిన ఆటో జర్నలిస్టులూ చెప్పే మాటల్లో ఒక వరస ఉంటుంది. మొదట సౌండ్. స్పోర్ట్ బటన్ నొక్కగానే సైలెన్సర్ గొంతు మారుతుంది, దాని గురించి ఎంత చెప్పినా వాళ్ళకి తృప్తి ఉండదు. తర్వాత లెదర్, సీట్లు, స్టీరింగ్. తర్వాత చిన్న గొణుగుడు: ఇంత డబ్బు పోస్తే లోపల స్క్రీన్, కొన్ని స్విచ్‌లు మామూలు క్రైస్లర్, డాడ్జ్ కార్లలోవే పెట్టారని. అప్పట్లో అన్నీ ఒకే గ్రూప్ కంపెనీలు, కాబట్టి ఒకే డబ్బాలోంచి పార్ట్స్. ఆ గొణుగుడు చివర్లో, దాదాపు నవ్వుతూ, గేర్ లివర్ మాట వస్తుంది. రివర్స్ వేద్దామంటే దాటి పార్క్‌లోకి పోతుంది, పార్క్ అనుకుంటే రివర్స్‌లో ఆగుతుంది అని. వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది: "కొన్నాళ్ళకి అలవాటైపోతుంది."

నా అభ్యంతరం ఆ చివరి మాట మీదే.

ముందు ఆ లివర్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. పాత ఆటోమేటిక్ కార్లలో పార్క్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్ అని ఒక వరసలో ఉంటాయి. లివర్‌ని ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. పార్క్‌లో పెడితే గేర్‌బాక్స్ లోపల ఒక ఇనప కొక్కెం లాంటిది పళ్ళ మధ్య పడి చక్రాలకు వెళ్ళే షాఫ్ట్‌ని కదలనివ్వదు. గిబ్లీలో ఉన్నది అలాంటిది కాదు. మీరు లివర్‌ని ముందుకో వెనక్కో తోస్తారు, అది కంప్యూటర్‌కి ఒక సిగ్నల్ పంపి మళ్ళీ మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. ఏ గేర్‌లో ఉన్నా లివర్ ఉండే చోటు ఒక్కటే. కొంచెం తోస్తే ఒక మెట్టు, ఇంకాస్త గట్టిగా తోస్తే ఇంకో మెట్టు. డ్రైవ్ నుంచి పార్క్‌కి వెళ్ళాలంటే చివరిదాకా తోయాలి. చెయ్యి కాస్త బద్ధకించిందంటే మధ్యలో రివర్స్‌లో ఆగిపోతుంది. అసలు ఏది పడిందో తెలియాలంటే లివర్ మీదో, మీటర్ల మధ్య స్క్రీన్‌లోనో వెలిగే అక్షరం చూడాలి.

మన ఇళ్ళలో డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళు ఒకటి గుర్తు తెచ్చుకోండి. కారు స్టార్ట్ చేసేముందు మనం లివర్ పట్టుకుని అటూ ఇటూ ఊపి చూస్తాం. వదులుగా ఊగితే న్యూట్రల్. దానికి చూపు అవసరం లేదు, స్క్రీన్ అవసరం లేదు, చీకట్లో కూడా చెయ్యే చెప్పేస్తుంది. ఈ కొత్త లివర్‌ని ఊపితే ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. పైగా ఊపితే గేర్ మారిపోవచ్చు.

హాస్టల్ భాషలో చెప్పాలంటే ఇది ఫ్యాన్ రెగ్యులేటర్ కథ. పాత రెగ్యులేటర్ గుండ్రంగా తిరుగుతుంది, ఒక్కో నంబర్‌కి టక్ మంటుంది. లైట్ ఆపేశాక కూడా మూడులో ఉందో నాలుగులో ఉందో వేలితో తడిమి చెప్పొచ్చు. రిమోట్ ఫ్యాన్లు వచ్చాక ప్లస్, మైనస్ బటన్లు మిగిలాయి. నొక్కితే ఏదో జరుగుతుంది, ఎక్కడున్నామో మాత్రం బటన్ చెప్పదు. మన మాటల్లో అయితే, పాత రెగ్యులేటర్ ఇన్‌పుట్ తీసుకుంటుంది, స్టేట్ కూడా చూపిస్తుంది. కొత్త బటన్ ఇన్‌పుట్ తీసుకుని ఊరుకుంటుంది. ఫ్యాన్ విషయంలో పోయేదేమీ లేదు, మహా అయితే రూమ్మేట్ తిడతాడు. రెండు టన్నుల బరువున్న కారు విషయంలో అలా కాదు.

ఇప్పుడు "అలవాటైపోతుంది" అనే మాట దగ్గరికి వద్దాం. అది అబద్ధమని నేను అనడం లేదు. నిజంగానే అలవాటవుతుంది. వెయ్యిసార్లు పార్క్ చేస్తే తొమ్మిది వందల తొంభై తొమ్మిదిసార్లు సరిగ్గానే పడుతుంది. మిగిలిన ఆ ఒక్కసారి ఎప్పుడొస్తుంది? ఫోన్ మోగుతున్నప్పుడు, పిల్లాడు వెనక ఏడుస్తున్నప్పుడు, గేటు తీయడానికి ఒక్క నిమిషం దిగుదామనుకున్నప్పుడు. అలవాటు అంటేనే చూడకుండా చేయడం. ఈ లివరేమో చూస్తేనే నిజం చెబుతుంది. ఎంత అలవాటైతే అంత తక్కువ చూస్తాం. అంటే ఈ డిజైన్‌లో అలవాటు మనల్ని కాపాడదు, మెల్లగా ప్రమాదానికి దగ్గర చేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అరుదైన కారు అంటే, ఓనర్‌కి తప్ప ఎవరికీ అలవాటు లేని కారు. ఇలాంటి కార్లు ఎక్కువగా ఆగేది పెద్ద హోటళ్ళ ముందు, ఫంక్షన్ హాళ్ళ ముందు. అక్కడ తాళం ఎవరి చేతికి ఇస్తారు? వ్యాలే కుర్రాడికి. అతను రోజుకి యాభై రకాల కార్లు ఎక్కుతాడు, ఈ లివర్‌ని జీవితంలో మొదటిసారి ఇప్పుడే చూస్తున్నాడు. ఓనర్‌కి వచ్చిన అలవాటు సీటుతో పాటు అతనికి బదిలీ కాదు. గోడకి గుద్దితే జీతం ఎవరిది పోతుందో మీకు తెలుసు.

ఇది ఊహించి భయపెట్టడం అనుకుంటే, జరిగింది చెప్తా. అదే గ్రూప్‌లో జీప్ గ్రాండ్ చెరోకీ 2014, 2015 మోడళ్ళకీ, క్రైస్లర్ 300, డాడ్జ్ చార్జర్ 2012 నుంచి 2014 మోడళ్ళకీ ఇదే పద్ధతి లివర్ పెట్టారు. అవి అరుదైనవి కావు, లక్షల్లో అమ్ముడయ్యే బండ్లు. అక్కడ మాత్రం నవ్వుతూ గొణిగితే సరిపోలేదు. పార్క్‌లో పెట్టామనుకుని దిగితే బండి దొర్లిపోయిందని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ విచారణ పెట్టింది. 2016 ఏప్రిల్‌లో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 11 లక్షలకు పైగా బండ్లని రీకాల్ చేసింది. విచారణ ముగిసేసరికి లెక్క 266 యాక్సిడెంట్లు, 68 మందికి గాయాలు. 2016 జూన్ 19న లాస్ ఏంజిలిస్‌లో ఆంటన్ యెల్చిన్ అనే నటుడు, స్టార్ ట్రెక్ సినిమాల్లో చెకోవ్‌గా చేసినతను, తన ఇంటి వాలు దారిలో తన జీపే వెనక్కి దొర్లి గేటు దగ్గర నలిగి చనిపోయాడు. ఆ రీకాల్ జాబితాలోని మోడలే అది. అతనికి 27 ఏళ్ళు.

మాసెరాటి కూడా అదే ఏడాది అమెరికాలో 2014 మోడల్ క్వాట్రోపోర్టె, గిబ్లీలని సుమారు 13 వేల దాకా ఇదే కారణంతో వెనక్కి పిలిచింది. 11 లక్షలు, 13 వేలు, ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. అదే తరహా లివర్, అదే చెయ్యి, అదే పొరపాటు. ఒక చోట అది కేసు ఫైల్ అయింది, ఇంకో చోట 'ఇటాలియన్ కారు కదా, అలాగే ఉంటుంది' అనే జోక్‌గా మిగిలింది. యూజర్లు తక్కువైతే బగ్ తగ్గిపోదు. బగ్ గురించి వినిపించే గొంతులు తగ్గుతాయి, అంతే.

విచారణలో నాకు బాగా పట్టుకున్న పాయింట్ ఒకటుంది. ఈ కార్లలో పార్క్ పడకుండా డోర్ తీస్తే బీప్ మోగుతుంది, స్క్రీన్ మీద మెసేజ్ వస్తుంది. పార్క్‌లో లేకపోతే బటన్ నొక్కినా ఇంజిన్ ఆగదు కూడా. పేపర్ మీద చూస్తే అన్ని కేసులూ హ్యాండిల్ చేసినట్టే ఉంది. కానీ ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి ఒక్క నిమిషం దిగేవాళ్ళకి అది పనికిరాదు. ఆపానని అనుకుని, ఆగలేదని గమనించనివాళ్ళకీ పనికిరాదు. ఆ ఇంజిన్లు అంత నిశ్శబ్దంగా ఉంటాయి మరి. కోడ్‌లో కండిషన్ రాసినవాళ్ళు మనిషి ఎలా దిగాలో ఊహించారు, ఎలా దిగుతాడో చూడలేదు.

అయితే ఎలక్ట్రానిక్ లివరే తప్పా? కాదు. 2003లో వచ్చిన టొయోటా ప్రయస్‌లో కూడా చిన్న జాయ్‌స్టిక్ ఉంది, అదీ వదిలేస్తే మధ్యలోకే వస్తుంది. కానీ అందులో పార్క్‌కి వేరే బటన్ ఇచ్చారు. బీఎండబ్ల్యూ కూడా పార్క్‌ని విడిగా బటన్‌లో పెట్టింది, ఇంజిన్ ఆపితే పార్క్ దానంతట అదే పడేలా చేసింది. అంటే వీళ్ళు అన్నిటికన్నా ముఖ్యమైన స్టేట్‌ని ఏరి పక్కన పెట్టారు. రివర్స్ పక్కనే, ఒక వేలి బలం తేడాలో దాన్ని దాచలేదు. చివరికి రీకాల్‌లో ఇచ్చిన పరిష్కారం కూడా సాఫ్ట్‌వేరే: బండి దాదాపు ఆగి ఉన్నప్పుడు, సీట్ బెల్ట్ తీసి, డోర్ తెరిస్తే కారే పార్క్ వేసేసుకుంటుంది. ఆ నాలుగు లైన్ల లాజిక్ మొదటి రోజే రాసి ఉండొచ్చు కదా అనిపిస్తుంది. రాయడానికి టెక్నాలజీ అడ్డు రాలేదు. మనిషి మర్చిపోతాడు అని ఒప్పుకోవాలి, అంతే.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, న్యాయమైనదే. హ్యాండ్‌బ్రేక్ వేసుకోవాలి కదా అంటారు. నిజమే, వేసుకోవాలి. మన లారీ డ్రైవర్లయితే హ్యాండ్‌బ్రేక్ మీద కూడా నమ్మకం పెట్టుకోరు. ఘాట్ రోడ్డు మీద బండి ఆపితే క్లీనర్ దిగి టైరు కింద రాయి పెడతాడు. కానీ ఆ రాయి సంగతే ఆలోచించండి. అది కంటికి కనిపిస్తుంది. రాయి ఉంటే బండి ఆగుతుంది, లేకపోతే లేదు, మధ్యలో అనుమానం లేదు. లారీ వాడికి అంత స్పష్టంగా తెలిసేది, 67 వేల డాలర్లు పెట్టినవాడికి తెలియకపోవడం ఏం లగ్జరీ?

పరిష్కారం ఎలా ఉండాలో మన చాయ్ బండి చెప్తుంది. యూపీఐ వచ్చిన కొత్తలో కస్టమర్ ఫోన్ చూపించి 'పంపాను అన్నా' అంటే నమ్మాల్సి వచ్చేది. టీ పోసేవాడి రెండు చేతులూ, కళ్ళూ పాల గిన్నె మీద ఉంటాయి, ఫోన్ చూసే తీరిక ఎక్కడిది? సౌండ్‌బాక్స్ వచ్చాక 'పది రూపాయలు అందాయి' అని అదే అరుస్తుంది. అతని ఏ ఇంద్రియం ఖాళీగా ఉందో దానికే కబురు చేరింది. అది మంచి ఇంటర్‌ఫేస్. డాన్ నార్మన్ 1988లో రాసిన పుస్తకం నిండా ఫీడ్‌బ్యాక్ గురించే చెప్పాడు. మనం ఎలక్టివ్‌లో చదివి ఎగ్జామ్‌లో రాసేది కూడా అదే. చాయ్ బండి వాడికి సిలబస్ అవసరం రాలేదు, అతని డబ్బు పోతోంది కాబట్టి.

ఇంకో రెండేళ్ళలో మనలో చాలామంది ఎక్కడో ఒక చోట కోడ్ రాస్తూ ఉంటాం. కొందరు కార్ల కంపెనీలకే రాస్తారు. అక్కడ ఏదో ఒక టికెట్ వస్తుంది: 'యూజర్ తప్పు బటన్ నొక్కాడు.' మన చేతివేళ్ళు దాన్ని 'యూజర్ ఎర్రర్' అని రాసి క్లోజ్ చేయాలని తహతహలాడతాయి. ప్రాజెక్ట్ డెమోల్లో ఇప్పుడే చేస్తున్నాం కదా, సార్ తప్పుగా క్లిక్ చేస్తే 'సార్, అలా చేయకూడదు' అంటాం. ఆ మాట అనే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: అది తప్పని మన స్క్రీన్ అతనికి చెప్పిందా, చెబితే అతను వినగలిగే చోట చెప్పిందా?

ఒక మనిషి తప్పు చేస్తే పొరపాటు అనొచ్చు. ఒకే తప్పు వందలమంది చేస్తే అది వాళ్ళ తప్పు కాదు, మనం వాళ్ళకి రాసిచ్చిన తప్పు. ఆ వందలమందిలో మొదటివాడు నవ్వుతూ 'అలవాటైపోతుందిలే' అన్నప్పుడే టికెట్ ఓపెన్ చేయాలి.